మన ఊళ్లో ఎవరి వయసెంత? హైస్కూలు పిల్లలకు ఒక జనాభా పాఠం

హైస్కూలు పిల్లల చేత ఇప్పటికీ రాయిస్తున్న వ్యాసాల్లో 'అధిక జనాభా సమస్య' ఒకటి. కారణాలు, నష్టాలు, నివారణ మార్గాలు, చివర్లో చిన్న కుటుంబం చింతలేని కుటుంబం. నలభై ఏళ్ల కిందట ఆ వ్యాసానికి అర్థం ఉండేది. ఇప్పుడు అది రాస్తున్న పిల్లవాడి ఇంట్లో చూస్తే వాడు, వాడి చెల్లెలు అంతే. చాలా ఇళ్లలో ఒక్కరే. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో మహిళకు సగటున ఆంధ్రప్రదేశ్‌లో 1.7 మంది, తెలంగాణలో 1.8 మంది పిల్లలు. ఒక తరం పోయి అంతే మంది ఉన్న ఇంకో తరం రావాలంటే ఈ సంఖ్య 2.1 దగ్గర ఉండాలి. 2005-06 సర్వే నాటికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1.8కి దిగిపోయింది. అంటే ఇప్పుడు పదో తరగతిలో కూర్చున్న పిల్లలు అందరూ మన జనన రేటు ఆ గీత కిందికి వెళ్లాక పుట్టినవాళ్లే.

జనాభా పాఠంలో మనం పిల్లలకు మొత్తం ఎంతమందో చెబుతున్నాం. ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం 2023లో చైనాను దాటేశామని చెబుతున్నాం. ఆ మొత్తంలో పిల్లలెందరు, పనిచేసే వయసువాళ్లెందరు, వృద్ధులెందరు అన్నది మాత్రం ఒక పేరాలో ముగించేస్తున్నాం. ప్రభుత్వానికి వచ్చే పన్నులు, ఇచ్చే పెన్షన్లు, కట్టాల్సిన బడులు, ఆసుపత్రులు, దొరికే కూలీలు, ఇంటి అద్దెలు కూడా ఎక్కువగా ఆధారపడేది ఆ రెండో లెక్క మీదే. పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలకు అర్థం కానంత కష్టమైన విషయం కాదిది. కూడికలు, భాగహారాలు వస్తే చాలు. పైగా ఇదంతా వాళ్ల గురించే. 2045లో ఈ రెండు రాష్ట్రాల్లో సంపాదించి, పన్నులు కట్టి, ఇళ్లు నడిపేది వాళ్లే.

వెయ్యి మంది ఉన్న ఊరు

బోర్డు మీద ఒక ఊరు వేయండి. జనాభా సరిగ్గా వెయ్యి. పదిహేనేళ్ల లోపు పిల్లలు 400, పదిహేను నుంచి యాభై తొమ్మిది దాకా 550, అరవై దాటినవాళ్లు 50. పనిచేసే వయసులో ఉన్న ప్రతి వంద మంది మీద ఎందరు ఆధారపడి ఉన్నారో లెక్కకట్టమనండి. పిల్లలూ వృద్ధులూ కలిపి 450. దాన్ని 550తో భాగించి వందతో గుణిస్తే 82 వస్తుంది. ఇక పనిచేసే వయసులో ఉన్న ఒక్కొక్కరూ రోజుకు వంద రూపాయల విలువైన పని చేస్తారనుకుందాం. ఊరి సంపాదన 55,000. తలకు 55 రూపాయలు.

నలభై ఏళ్లు గడిచాయి. ఊళ్లో పిల్లల్ని తక్కువ కంటున్నారు. సులువుగా ఉండడానికి జనాభా అదే వెయ్యి అనుకుందాం. ఇప్పుడు పిల్లలు 250, పనిచేసే వయసువాళ్లు 650, వృద్ధులు 100. వంద మంది మీద ఆధారపడేవాళ్లు 54కి తగ్గారు. ఒక్కొక్కరి పని విలువ అదే వంద రూపాయలు, కానీ తలసరి 65 రూపాయలు అయింది. దాదాపు 18 శాతం పెరుగుదల. ఎవరూ ఒక గంట కూడా ఎక్కువ పనిచేయలేదు, కొత్త యంత్రం ఒక్కటీ రాలేదు. వయసుల అమరిక మారింది, అంతే. పేపర్లలో తరచూ కనిపించే 'జనాభా డివిడెండ్' అనే మాటకు పునాది ఈ చిన్న లెక్క.

ఇంకో నలభై ఏళ్లు పోనిద్దాం. పిల్లలు 150, పనిచేసే వయసువాళ్లు 550, వృద్ధులు 300. ఆధారపడేవాళ్లు మళ్లీ 450. నిష్పత్తి మళ్లీ 82. తలసరి మళ్లీ 55 రూపాయలు.

ఇక్కడ ఆగి పిల్లల్ని అడగాలి: మొదటి ఊరూ మూడో ఊరూ ఒకటేనా? లెక్క ప్రకారం తేడా లేదు. అయినా ఏ పిల్లాడూ ఒకటే అని ఒప్పుకోడు. ఎందుకు కాదో వాళ్ల చేతే చెప్పించాలి. నన్నడిగితే ఈ పాఠానికి గుండెకాయ ఇదే, దీనికి ఒక పీరియడ్ మొత్తం ఇచ్చినా తప్పులేదు.

వాదించుకుంటూ పోతే చాలా విషయాలు బయటికి వస్తాయి. మొదటి ఊళ్లో 400 మంది పిల్లల ఖర్చు ఎక్కువగా వాళ్ల అమ్మానాన్నలే పెట్టుకుంటారు. మూడో ఊళ్లో 300 మంది వృద్ధుల ఖర్చులో పెద్ద భాగం పెన్షన్, ఆసుపత్రి రూపంలో ప్రభుత్వం మీద, అంటే పన్ను కట్టేవాళ్లందరి మీద పడుతుంది. మొదటి ఊరికి బళ్లు, టీచర్లు, టీకాలు కావాలి. మూడో ఊరికి బీపీ, షుగర్ మందులు, మోకాలి ఆపరేషన్లు, మంచంలో ఉన్నవాళ్లను చూసుకునే మనుషులు కావాలి. మొదటి ఊళ్లోని పిల్లలు పదిహేనేళ్లలో తామే పనిచేసే వయసుకు వస్తారు, ఈరోజు వాళ్ల చదువు మీద పెట్టింది రేపు తిరిగొస్తుంది. మూడో ఊరికి ఆ రాబడి లేదు. ఎన్నికల్లో ఓటర్లు కూడా మారిపోతారు. మొదటి ఊళ్లో నాయకుడు బడి గురించి మాట్లాడతాడు, మూడో ఊళ్లో పెన్షన్ పెంపు గురించి మాట్లాడతాడు.

రెండు జాగ్రత్తలు కూడా అప్పుడే చెప్పేయాలి. మన దేశంలో లెక్కల కోసం 15 నుంచి 59ని పనిచేసే వయసు అంటున్నాం, మరికొన్ని దేశాల్లో 64 దాకా తీసుకుంటారు. ఏదైనా లెక్క సౌకర్యం కోసమే. పదో తరగతి పిల్లకు పదిహేను నిండగానే ఆ లెక్కలో చేరిపోతుంది గానీ ఆమె సంపాదించట్లేదు, చదువుకుంటోంది. అరవై ఐదేళ్ల రైతు లెక్క ప్రకారం ఆధారపడ్డవాడు, కానీ తెల్లారకముందే పొలంలో ఉంటాడు. మనవణ్ణి చూసుకునే అమ్మమ్మ వల్లే తల్లి ఉద్యోగానికి వెళ్లగలుగుతుంది. ఆమె పనికి ఏ పట్టికలోనూ రూపాయి విలువ కట్టరు. తాతయ్య, నాయనమ్మలతో పెరుగుతున్న పిల్లలకు ఇది చెప్పకుండా నిష్పత్తి ఒక్కటే చెబితే, ఇంట్లో పెద్దవాళ్లను ఖర్చుగా చూడటం నేర్పినట్టవుతుంది.

రెండో జాగ్రత్త ఇంకా ముఖ్యం. రెండో ఊళ్లో 650 మంది ఉన్నా పని 500 మందికే దొరికిందనుకోండి. ఊరి సంపాదన 50,000. తలసరి 50 రూపాయలు. ఇంతమంది యువకులున్నా మొదటి ఊరికంటే పేదరికమే. మన దేశపు ప్రశ్న అంతా ఇక్కడే ఉంది. 2023-24 కార్మిక సర్వే ప్రకారం దేశంలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో 78.8 శాతం పనిలోనో పని వెతుక్కుంటూనో ఉంటే, ఆడవాళ్లలో 41.7 శాతమే. 2017-18లో 23.3 శాతం ఉన్నది అంతకు పెరిగిందన్నది నిజమే. అయినా పనిచేసే వయసులో ఉన్న ఆడవాళ్లలో సగానికి పైగా ఇంకా ఆ లెక్కలోకి రావట్లేదు. పనిలో ఉన్నవాళ్లలోనూ దాదాపు 46 శాతం వ్యవసాయం మీదే ఉన్నారు. వయసు ఒక అవకాశం ఇస్తుంది. ఉద్యోగం ఇవ్వదు.

పిరమిడ్ చదవడం

లెక్క అయ్యాక బొమ్మ. వయసు పిరమిడ్‌ను, అంటే ఏ వయసువాళ్లు ఎందరో కింది నుంచి పైకి వరసలుగా పేర్చి చూపే బొమ్మను, పాఠ్యపుస్తకంలో చూసినప్పుడు పిల్లలకు అది మరో గ్రాఫ్ లాగానే కనిపిస్తుంది. జపాన్ పిరమిడ్ చూపించండి, చూపు మారుతుంది. 1966లో పుట్టినవాళ్ల వరస దగ్గర కత్తితో కోసినట్టు ఒక గాటు ఉంటుంది. మనకు ప్రభవ, విభవ అంటూ అరవై సంవత్సరాల చక్రం ఉన్నట్టే జపాన్‌లోనూ అరవై ఏళ్ల చక్రం ఉంది. అందులో ఒక ఏడాది 'అగ్ని గుర్రం' సంవత్సరం. ఆ ఏడాది పుట్టిన ఆడపిల్లలు మొగుణ్ణి బతకనివ్వరని ఒక మూఢనమ్మకం. 1965లో అక్కడ 18 లక్షల పైన పిల్లలు పుట్టారు. 1966లో 13.6 లక్షలు. 1967లో మళ్లీ 19 లక్షల పైన. ఒక్క నమ్మకం లక్షల పుట్టుకల్ని ఆపింది. ఆ గాటు ఆరేళ్ల తర్వాత ఒకటో తరగతి పిల్లల సంఖ్యలో కనిపించింది, తర్వాత కాలేజీల్లో, ఆ తర్వాత ఉద్యోగాల్లో చేరేవాళ్లలో. ఇప్పుడు అరవయ్యో ఏటికి చేరింది. 2026 మళ్లీ అగ్ని గుర్రం సంవత్సరమే.

ఈ ఒక్క ఉదాహరణతో పిల్లలకు అసలు సూత్రం పట్టుబడుతుంది. ఒక తరం పెద్దదైనా చిన్నదైనా, ఆ తేడా జీవితాంతం దానితోనే నడుస్తుంది. కాలువకు నీళ్లు వదిలినప్పుడు ముందు తూము దగ్గర పొలాలు తడుస్తాయి, చివరి ఆయకట్టుకు చేరేసరికి కొన్ని రోజులు పడుతుంది. పెద్ద తరం కూడా అంతే. ముందు బళ్లు నిండుతాయి, తర్వాత కాలేజీలు, తర్వాత ఉద్యోగాల కోసం పోటీ, తర్వాత ఇళ్ల స్థలాలు, చివరికి ఆసుపత్రులు. ఇరవై ఏళ్ల కిందట ఉమ్మడి రాష్ట్రంలో వందలకొద్దీ ఇంజినీరింగ్ కాలేజీలు వచ్చాయి. ఐటీ ఉద్యోగాలూ, ఫీజు రీయింబర్స్‌మెంటూ దానికి పెద్ద కారణాలే. కానీ ఆ సీట్లలో కూర్చోవడానికి అంతమంది పద్దెనిమిదేళ్లవాళ్లు ఆ సమయానికి ఉండటం కూడా ఒక కారణం.

ఇందులో ఇంకో గమ్మత్తు ఉంది. ఆర్థికవేత్తలు వచ్చే ఏడాది ధరలు ఎలా ఉంటాయో గట్టిగా చెప్పలేరు. కానీ 2040లో పదిహేనేళ్లు నిండేవాళ్లందరూ 2025లోనే పుట్టేశారు. 2050లో అరవై దాటేవాళ్లు ఇప్పుడు ముప్పైల్లో ఉన్నారు. వలసలను, ఆయుర్దాయంలో వచ్చే మార్పును కాస్త కలుపుకుంటే చాలు, ముందు తరాల బొమ్మ చాలావరకు ఇప్పుడే గీయొచ్చు. 2018-19 ఆర్థిక సర్వే అదే చేసింది. దేశంలో 20 నుంచి 59 ఏళ్ల వాళ్ల వాటా 2041 ప్రాంతంలో దాదాపు 59 శాతంతో శిఖరానికి చేరుతుందని, ఆ తర్వాత దిగుతుందని లెక్కగట్టింది. దక్షిణాది రాష్ట్రాలు ఆ శిఖరాన్ని ముందే దాటతాయి, బీహార్, ఉత్తరప్రదేశ్ ఆలస్యంగా చేరతాయి.

అవకాశం వాడుకున్నవాళ్లు, దాటినవాళ్లు

రెండో ఊరిని బాగా వాడుకున్న దేశం చెప్పమంటే నేను దక్షిణ కొరియా పేరే చెబుతాను. 1960లో అక్కడ ఒక్కో మహిళకు సగటున ఆరుగురు పిల్లలు. దేశం పేదది. 1962లో ప్రభుత్వం కుటుంబ నియంత్రణ మొదలుపెట్టింది, 1983 నాటికి సంఖ్య 2.1కి వచ్చింది. పిల్లలు తగ్గిన ఇళ్లలో మిగిలిన డబ్బు ఉన్న పిల్లల చదువుకీ, పొదుపుకీ వెళ్లింది. పొదుపు ఫ్యాక్టరీలకు పెట్టుబడి అయింది. ఫ్యాక్టరీలు బడి ముగించుకుని వచ్చిన తరానికి పని ఇచ్చాయి. తూర్పు ఆసియా దేశాల 1965-90 నాటి ఎదుగుదలలో మూడో వంతు దాకా వయసుల అమరిక మారడం వల్లే వచ్చిందని డేవిడ్ బ్లూమ్, జెఫ్రీ విలియమ్సన్ అనే ఆర్థికవేత్తలు 1998లో లెక్కగట్టారు. మిగతా రెండు వంతులు చదువు, పరిశ్రమ, ఎగుమతులు వగైరా. అవే లేకపోతే మొదటి వంతు కూడా చేతికి వచ్చేది కాదు.

అదే కొరియాలో 2023లో సంఖ్య 0.72. ప్రపంచంలోనే అట్టడుగు. అరవై ఏళ్ల పైచిలుకులో ఒకే దేశం మూడు ఊళ్లనూ చూసేస్తోంది.

ఈ దారిలో అందరికంటే ముందు నడిచింది జపాన్. అక్కడ పనిచేసే వయసు జనం 1995లో 8.7 కోట్లతో శిఖరం తాకారు. మొత్తం జనాభా 2008 నుంచి తగ్గుతోంది. ఇప్పుడు వందలో 29 మంది అరవై ఐదు దాటినవాళ్లే. 2024లో పుట్టిన పిల్లలు ఏడు లక్షల లోపు. ఖాళీగా పడి ఉన్న ఇళ్లు 90 లక్షలు. ఊళ్లలో బడులు మూతపడ్డాయి, డ్రైవర్లు దొరక్క బస్సు రూట్లు తగ్గించారు. ఒక పెద్ద పేపర్ కంపెనీ 2024లో జపాన్‌లో పసిపిల్లల డైపర్ల తయారీ ఆపి, పెద్దవాళ్ల డైపర్ల మీద దృష్టి పెడతామని ప్రకటించింది.

ఇది విన్న పిల్లలు జపాన్ నాశనమైపోతోందనుకుంటారు. అలా అనుకోనివ్వకూడదు. నిరుద్యోగం అక్కడ మూడు శాతం లోపే. పనిచేసే వయసు మనిషి లెక్కన చూస్తే 1990ల చివరి నుంచి జపాన్ ఎదుగుదల అమెరికాకు ఏమంత తీసిపోలేదు. 2000లోనే వృద్ధుల సంరక్షణకు ప్రత్యేక బీమా పెట్టారు. నలభై ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరూ దానికి ప్రీమియం కడతారు. మంచాన పడ్డ తల్లిని చూసుకోవడానికి కూతురో కోడలో ఉద్యోగం మానేయాల్సిన అవసరం దానివల్ల కొంత తగ్గింది.

మన బోర్డు మీది మూడో ఊరికి తిరిగి వెళ్తే దీని వెనకున్న లెక్క తెలుస్తుంది. అక్కడ 550 మంది తలా 100 రూపాయల పని చేస్తే తలసరి 55. అదే తలా 118 రూపాయల పని చేయగలిగితే తలసరి మళ్లీ 65, రెండో ఊరితో సమానం. ముప్పై ఏళ్లలో 100 నుంచి 118కి చేరడానికి ఏడాదికి ముప్పావు శాతం పెరుగుదల కూడా అక్కర్లేదు. చదువు బాగుంటే, ఆరోగ్యం బాగుంటే, పనిముట్లు మెరుగైతే అది సాధ్యమే. లెక్క వేసుకున్న పిల్లలకు ఈ విషయం తెలిసినప్పుడు కలిగే ధైర్యం ఏ ఉపన్యాసం వల్లా రాదు.

కష్టం ఎక్కడంటే వేగంలో. జనాభాలో అరవై ఐదు దాటినవాళ్ల వాటా 7 నుంచి 14 శాతం కావడానికి ఫ్రాన్స్‌కు వందేళ్లకు పైగా పట్టింది. జపాన్‌కు పాతికేళ్లలోపే. ఫ్రాన్స్ తీరిగ్గా ధనిక దేశమై ఆ తర్వాత ముసలిదైంది. జపాన్, కొరియా పరుగెత్తి ధనిక దేశాలయ్యాయి. మన రెండు రాష్ట్రాలకు జపాన్ లాంటి వేగం ఉంది, జపాన్ లాంటి ఆదాయం ఇంకా లేదు.

మన దగ్గర

ఆంధ్రప్రదేశ్ కథ ప్రపంచంలోనే కాస్త వింతైనది. చదువు పెరిగితే జననాలు తగ్గుతాయని కేరళను చూపించి చెప్పేవాళ్లు. 1991లో కేరళలో ఆడవాళ్ల అక్షరాస్యత 86 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 33 శాతం లోపే. అయినా ఇక్కడ జననాలు గబగబా తగ్గాయి. సంతకం రాని తల్లులు కూడా ఇద్దరు చాలనుకుని, పాతికేళ్లు దాటకముందే ఆపరేషన్ చేయించుకున్నారు. ఐదో ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ వివాహిత మహిళల్లో సుమారు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. పిల్లల్ని బాగా చదివించుకోవాలన్న పట్టుదల ఆ నిర్ణయం వెనక ఉంది. క్లాసులో పిల్లల చేత ఇది రాబట్టడం సులువు. అమ్మమ్మకు తోబుట్టువులు ఎంతమంది, అమ్మకు ఎంతమంది, నీకు ఎంతమంది అని అడిగి మూడు వరసలు బోర్డు మీద వేయిస్తే, తమ ఇళ్ల పిరమిడ్ తలకిందులు కావడం వాళ్లే చూస్తారు. ముగ్గురు నలుగురు పిల్లలున్న ఇళ్ల నుంచి వచ్చినవాళ్లను ఎవరూ ఎగతాళి చేయకుండా మాత్రం చూసుకోవాలి.

చట్టాలు కూడా ఇదే దారిలో తిరిగాయి. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హులని 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం చెప్పింది. ముప్పై ఏళ్ల తర్వాత, 2024 నవంబరులో, ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధనను తీసేసింది.

కూలీల విషయం పిల్లలు కళ్లారా చూస్తున్నదే. హైదరాబాద్ అపార్టుమెంట్ల సెంట్రింగ్ పనిలో ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ వాళ్లు. తెలంగాణ రైస్ మిల్లుల్లో హమాలీలు బీహార్ వాళ్లు. కొన్నేళ్లుగా నాట్లు వేయడానికి కూడా ఉత్తరాది నుంచి బృందాలు వస్తున్నాయి. కోవిడ్ లాక్‌డౌన్‌లో వలస కార్మికుల కోసం దేశంలో మొదటి శ్రామిక్ రైలు 2020 మే 1న లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది. అందరూ సొంతూళ్లకు వెళ్లిపోతున్న అదే నెలలో, ధాన్యం కొనుగోళ్లు ఆగకూడదని బీహార్‌లోని ఖగడియా నుంచి మిల్లు కార్మికులతో ఒక రైలు ఎదురు దిశలో లింగంపల్లికి వచ్చింది. బీహార్‌లో ఒక్కో మహిళకు సగటున ముగ్గురు పిల్లలు, ఇక్కడ ఇద్దరికంటే తక్కువ. ఆ రైళ్లు నడవడానికి కూలీ రేట్ల తేడాతో పాటు ఈ తేడా కూడా కారణం. ఆ కార్మికుల గురించి క్లాసులో ఎవరైనా చులకనగా మాట్లాడితే, మన పంట మిల్లు దాటి బియ్యమవుతున్నది వాళ్ల భుజాల మీదే అని ఆ సందర్భంలోనే చెప్పాలి.

అదే సూత్రం మన పిల్లల్ని బయటికి తీసుకెళ్తోంది. విదేశాల్లో ఉద్యోగాలు చూపించే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు భాష నేర్పి జర్మనీకీ, జపాన్‌కూ పంపుతోంది. అక్కడి వృద్ధులను చూసుకోవడానికి అక్కడి యువత చాలట్లేదు. ఇక్కడ పిల్లలు అమెరికాలో ఉండి తల్లిదండ్రులు ఒంటరిగా ఉన్న ఇళ్లు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల ఊళ్లలో వీధికి కొన్ని ఉన్నాయి. డాలర్లు వస్తాయి. రాత్రి పూట ఆసుపత్రికి తీసుకెళ్లే మనిషి ఉండడు. వలస ఒకచోటి కొరతను తీర్చి ఇంకోచోట కొరత పెడుతుందని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

బడుల విషయంలో మాత్రం తొందరపడి తీర్పు ఇవ్వకూడదు. తెలంగాణలో ఒక్క విద్యార్థీ చేరని బడులు రెండు వేలకు పైగా ఉన్నాయని కేంద్ర విద్యాశాఖ 2024-25 లెక్కలు చెప్పాయి. జననాలు తగ్గడం ఒక కారణం. ప్రైవేటు బడులకు వెళ్లిపోవడం ఇంకా పెద్ద కారణం. తగ్గిన పిల్లల వల్ల మిగిలే డబ్బును ఒక్కో పిల్లాడి మీద ఎక్కువ ఖర్చుపెట్టడానికి వాడటం కొరియా దారి. బడి మూసేసి ఆ డబ్బు వేరేచోటికి మళ్లించడం ఇంకో దారి. ఇందులో ఏది మంచిదో నాకు ఏ సందేహమూ లేదు.

పెన్షన్, పదవీ విరమణ

ప్రభుత్వ ఉద్యోగుల ఇళ్లలో పెరిగే పిల్లలకు సీపీఎస్ (కంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీమ్) అనే మాట అన్నం దగ్గర వినపడుతూనే ఉంటుంది. పాత పెన్షన్‌లో ఈరోజు పనిచేసేవాళ్లు కట్టే పన్నుల నుంచి ఈరోజు రిటైరైనవాళ్లకు ఇస్తారు. 2004 సెప్టెంబరు 1 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో చేరినవాళ్లకు వచ్చిన సీపీఎస్‌లో ఎవరి జీతం నుంచి వాళ్లకు కోసి, ప్రభుత్వ వాటా కలిపి మార్కెట్లో పెడతారు. వయసుల అమరిక మారితే ఏది తట్టుకుంటుందని అడిగితే పిల్లలు వెంటనే రెండోదే అంటారు. ఎవరి డబ్బు వాళ్లు దాచుకున్నారు కాబట్టి.

కానీ ఇంకో మెట్టు ఆలోచింపజేయాలి. మూడో ఊళ్లో 300 మంది వృద్ధులు దాచుకున్న డబ్బుతో వచ్చారు. వాళ్లకు కావాల్సింది బియ్యం, మందులు, నర్సు, ఆటో. ఇవన్నీ ఆరోజు పనిచేస్తున్న 550 మంది చేతుల నుంచే రావాలి. డబ్బు ఎక్కువై చేతులు తక్కువైతే ధరలు పెరుగుతాయి, దాచుకున్నది కరిగిపోతుంది. పెన్షన్ ఏ పేరుతో ఇచ్చినా చివరికి తినేది ఆరోజు పండిందే. తేడా ఏమిటంటే, దాచిన డబ్బు ఈలోపు మంచి యంత్రాలుగానో, మంచి చదువుగానో మారితే ఆ 550 మంది ఎక్కువ పండించగలరు. ఉద్యోగికి నెలనెలా ఖాయంగా ఎంత వస్తుంది అన్నది న్యాయానికి సంబంధించిన వేరే ప్రశ్న. అదీ ముఖ్యమైనదే, దాన్ని దీనితో కలిపేయకూడదు.

రిటైర్మెంట్ వయసు కూడా ఇలాంటిదే. చైనా 2025 జనవరి నుంచి మగవాళ్ల పదవీ విరమణ వయసును పదిహేనేళ్లలో మెల్లగా 60 నుంచి 63కి పెంచుతోంది. తెలంగాణ 2021లో 61కి, ఆంధ్రప్రదేశ్ 2022లో 62కి పెంచాయి. మూడో ఊరికి ఆ నిర్ణయం అవసరం. రెండో ఊళ్లో, పోటీ పరీక్షలకు గదులు అద్దెకు తీసుకుని చదువుతున్నవాళ్లు ఇంతమంది ఉన్నప్పుడు, అదే నిర్ణయం వాళ్ల దారికి అడ్డం పడుతుంది. మనం రెండో ఊరికీ మూడో ఊరికీ మధ్యలో ఉన్నాం కాబట్టి ఇద్దరి బాధా ఒకేసారి నిజం.

పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న

ఎక్కువమందిని కంటే సరిపోతుంది కదా? ఏ క్లాసులోనైనా ఈ ప్రశ్న వస్తుంది. లెక్కతోనే జవాబు చెప్పొచ్చు. ఈరోజు పుట్టిన బిడ్డ పనిలోకి రావడానికి ఇరవై ఏళ్లు పైనే పడుతుంది. అప్పటిదాకా పనిచేసేవాళ్ల మీద వృద్ధులతో పాటు ఈ పిల్లలు కూడా ఆధారపడతారు. కొరియా ఎన్నో ఏళ్లుగా పిల్లల్ని కనేవాళ్లకు డబ్బులిస్తూనే ఉంది, అయినా సంఖ్య 2024లో 0.75 దగ్గరే ఉంది. చైనా ఒకే బిడ్డ విధానాన్ని 2016లో ఇద్దరికి, 2021లో ముగ్గురికి సడలించింది. అయినా 2022 నుంచి అక్కడ జనాభా తగ్గుతోంది. ఇంటి అద్దె, బడి ఫీజులు, ఆఫీసు పని వేళలు, ఇంటిపని మొత్తం భార్య మీదే పడటం మారకుండా పిలుపులతో జననాలు పెరగవు. క్లాసులో కూర్చున్న అమ్మాయిలకు ఇది పరీక్షలో వచ్చే ప్రశ్న మాత్రమే కాదు, వాళ్ల శరీరానికీ, చదువుకీ సంబంధించిన మాట. ఎంతమందిని కనాలో వాళ్లకు చెప్పే హక్కు పాఠానికి లేదు, టీచర్‌కూ లేదు.

జననాలు 2.1 కిందికి వెళ్లినా దేశ జనాభా ఇంకా ఎందుకు పెరుగుతోంది అని కూడా ఒకరిద్దరు అడుగుతారు. గతంలో ఎక్కువమంది పుట్టారు కాబట్టి ఇప్పుడు తల్లులయ్యే వయసులో ఉన్నవాళ్లు ఎక్కువ. ఒక్కొక్కరూ తక్కువ కన్నా మొత్తం పెరుగుతూనే ఉంటుంది. 2060ల మొదట్లో సుమారు 170 కోట్ల దగ్గర ఆగి, తర్వాత తగ్గుతుందని ఐక్యరాజ్యసమితి అంచనా.

ఈ పాఠాన్ని సొంత ఊరి మీద చేయించడానికి ఇది మంచి సమయం. జనాభా లెక్కల్లో గ్రామం వారీగా అన్ని వయసుల పట్టికలు దొరకవు గానీ, ఆరేళ్ల లోపు పిల్లలు ఎంతమందో, పనిచేసేవాళ్లు ఎంతమందో ప్రతి గ్రామానికీ ఇస్తారు. 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభాలో ఆరేళ్ల లోపు పిల్లలు 13 శాతం పైన, 2011లో 11 శాతం లోపు. అదే 2011లో బీహార్‌లో 18 శాతం దగ్గర. మీ గ్రామం సంఖ్య వెతికించి, దాని పక్కన రాష్ట్రానిది రాయించండి. 2027 మార్చి 1 తేదీకి తీసే కొత్త లెక్కల వివరాలు బయటికి వచ్చాక మూడో గడి నింపించండి. పట్టికలు రావడానికి ఆలస్యమైతే, అంగన్‌వాడీ రిజిస్టరులో ఈ ఏడాది ఎంతమంది పిల్లలున్నారో, ఊళ్లో వృద్ధాప్య పెన్షన్ తీసుకునేవాళ్లు ఎంతమందో అడిగి రాసుకోవడానికి ఒక సాయంత్రం చాలు.